పల్లేరు మొలిచిన బరి

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. కోస్తా పల్లెల్లో కబడ్డీ ఏ నెలల్లో సాగుతుందో తెలిసినవాళ్ళకి ఆ తేదీ ఎంత చెడ్డదో వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి పోటీలు అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకుని, ఉగాది, శ్రీరామనవమి, ఆపైన ఊరి జాతరలు, వేసవి సెలవుల టోర్నమెంట్లు అంటూ తొలకరి దాకా సాగేది ఆట. నవమి పందిరి పక్కనే బరి గీసే ఊళ్ళు ఎన్నో. ఆ ఏడు నవమి ఏప్రిల్ 2న పడింది. కల్యాణమే గుడి తలుపులు మూసుకుని చేసుకున్నారు, ఇక బరి మాట ఎవరెత్తుతారు?

అలాగని మైదానాలు ఖాళీగా పడి ఉన్నాయనుకోకండి. చాలా పట్టణాల్లో రైతుబజార్లలో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారని కూరగాయల దుకాణాలను స్టేడియాల్లోకి, కాలేజీ గ్రౌండ్లలోకి మార్చారు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని సున్నంతో గళ్ళు గీశారు. పల్లెల్లో హైస్కూలు భవనాలు వలస వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకు క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. చెన్నై నుంచో ముంబయి నుంచో వచ్చినవాళ్ళు క్లాసు గదుల్లో ఉంటే, గ్రౌండు గేటు వైపు కూడా ఎవరూ పోయేవారు కాదు. కేంద్రాలు ఎత్తేశాక కూడా ఆ జంకు నెలల తరబడి వదల్లేదు. ఆంధ్రాలో అదే సమయంలో బడులు బాగుచేసే నాడు-నేడు పథకం పనులు నడిచాయి. తొలి విడతలోనే 15,715 బడులు. పిల్లలు లేని కాలం కనుక పనులకు అదే వీలు. మరి కంకర, ఇసుక, ఇనుము దించడానికి బళ్ళో జాగా ఎక్కడుంటుంది? ఆటస్థలమే కదా. ఈ సంగతి మళ్ళీ వస్తుంది, ఎందుకంటే మట్టి మీద కబడ్డీ చెప్పుల్లేని ఆట.

కాగితం మీద చూస్తే ఆటలకు అనుమతి తొందరగానే వచ్చింది. 2020 మే 17 నాటి కేంద్ర ఉత్తర్వులోనే ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవొచ్చని ఉంది. ఆగస్టు 5 నుంచి జిమ్‌లు తెరిచారు. సెప్టెంబరు 21 నుంచి వంద మందికి మించకుండా క్రీడా కార్యక్రమాలు పెట్టుకోమన్నారు. ఊళ్ళో ఆట మాత్రం ఈ తేదీలను చూసి రాలేదు. ఏ ఆటలో మనిషి ఊపిరి ఇంకో మనిషికి ఎంత దూరంలో ఉంటుందో, ఆ వరసలో వచ్చింది.

ముందొచ్చింది షటిల్. వీధిలోనే రెండు కర్రలు పాతి, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. వాలీబాల్ ఆ వెనకే. 18 మీటర్ల కోర్టు, మధ్యన నెట్టు, ఎవరి ఆరుగురు వాళ్ళ వైపే ఉంటారు. ఒకే బంతి అందరి చేతుల్లో పడుతుందన్న బెదురు కొన్నాళ్ళు ఉండి, తర్వాత పోయింది. క్రికెట్‌లో బంతికి ఉమ్ము రాయకూడదని 2020 జూన్‌లో ఐసీసీ చెప్పింది గానీ, టెన్నిస్ బంతితో ఆడే ఊరి కుర్రాళ్ళకి అసలా అవసరమే లేదు. క్రికెట్‌లో అసలు ప్రమాదం గ్రౌండులో కాదు, బ్యాటింగ్ వంతు రాని తొమ్మిదిమంది చెట్టు కింద ఒకే అరుగు మీద ఇరుక్కుని కూర్చునే చోట ఉండేది. అది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఖోఖో ఆ తర్వాత. అన్నిటికన్నా చివర కబడ్డీ.

ఎందుకో కొలతలు చూస్తే తెలుస్తుంది. మగవాళ్ళ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. సగం బరి అంటే ఆరున్నర మీటర్లు. అందులో ఏడుగురు చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టి నిలబడతారు. ఆ మధ్యలోకి ఒకడు అంపైరుకి స్పష్టంగా వినపడేలా కూత పెట్టుకుంటూ వస్తాడు. అతనే రైడరు. అతనికి ఉన్నది 30 సెకన్లు. పట్టు పడితే నలుగురైదుగురు మీద పడతారు. కిందివాడి నోరు పైవాడి మెడ దగ్గరుంటుంది, అప్పటికీ కూత ఆగకూడదు. గట్టిగా అరిచినా, పాడినా తుంపరలు ఎక్కువ వస్తాయని డాక్టర్లు చెబుతున్న రోజులవి. ఈ ఆటకేమో గట్టిగా అనడమే మొదటి నియమం.

మాస్కుతో ఆడి చూసినవాళ్ళూ ఉన్నారు. రెండు రైడ్లకే చెమటకి తడిసి ముక్కుకి అతుక్కుపోతుంది. గుడ్డలోంచి వచ్చే కూత అంపైరుకి చేరదు. చేరకపోతే తెగినట్టే లెక్క, ఇక గొడవ మొదలు. బాగా ఆయాసపడే వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పాక ఆ ప్రయత్నం మానేశారు. బదులుగా కూత లేకుండానే, గడియారం చూసి 30 సెకన్లు లెక్కపెట్టి ప్రాక్టీసు చేసే పద్ధతి వచ్చింది. అప్పటికి అది తెలివైన పనే. కానీ దాన్నుంచి ఒక చెడ్డ అలవాటు పుట్టింది. కూత మధ్య గీత దాటకముందే మొదలవ్వాలి. నెలల తరబడి నోరు మూసుకుని రైడ్‌కి వెళ్ళినవాడు పోటీలోనూ గీత దాటాక గానీ గొంతు విప్పడు. 2021 సంక్రాంతి పోటీల్లో అంపైర్లు ఎక్కువగా ఊదిన ఈలల్లో ఇదొకటి. దీనికి మందు ఒక్కటే: వంద మీటర్లు నెమ్మదిగా పరిగెత్తుతూ కూత, అటూ ఇటూ పక్క అడుగులు వేస్తూ కూత, వంగి చేయి చాపుతూ కూత. దమ్ము నిలబడి కూత పెట్టేటప్పుడు కాదు, వంగినప్పుడు తెగుతుంది.

ఇక బరి సంగతి. 2020 వానాకాలమంతా అడుగు పడని నేల మీద సంక్రాంతి ముందు పారలు పట్టుకుని వెళ్ళినవాళ్ళకి ముందు కనిపించినవి చిన్న చిన్న పసుపు పూలు. పల్లేరు. వానలకి మొలిచి, నేలబారుగా పాకి, చలికాలానికి కాయ ఎండి రాలిపోతుంది. ఒక్కో కాయ నాలుగు వైపులా ముళ్ళతో ఉంటుంది, ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. చాలా ఊళ్ళల్లో మొదటగా చేసిన పని ట్రాక్టరు పిలిచి దున్నించడం. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. దున్నితే కాయలు మట్టిలోకి పోతాయి. కొన్నేళ్ళ తర్వాత కూడా మొలకెత్తే సత్తా ఉన్న గింజ అది. ఆ ఏడు కనపడకపోయినా మరుసటి వానకి బరి నిండా లేస్తుంది.

చేయాల్సిన వరస వేరు. ముందు తీగని వేరుతో సహా పీకి, గోతాల్లో వేసి, బయట కాల్చాలి. పార వేసి పైపైన చెక్కితే మళ్ళీ చిగురిస్తుంది. తర్వాత తడిపిన గోనెపట్టాల మీద బరువు పెట్టి బరంతా లాగాలి, రాలిన కాయలు పట్టాకి గుచ్చుకుని వచ్చేస్తాయి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగి, పట్టా దులిపి మళ్ళీ లాగాలి. కాయ రావడం ఆగిపోయాకే మట్టి కదపాలి. తుంగ ఉన్న చోట ఇంకా ఓపిక కావాలి, దాని గడ్డలు తెగిన కొద్దీ పెరుగుతాయి. పలుగుతో తవ్వి గడ్డ ఏరడం తప్ప దగ్గరదారి లేదు. గట్ల మీద వయ్యారిభామ ఉంటే పూతకి రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకి కవరు తొడుక్కుని పీకాలి. దాని పుప్పొడి పడని కుర్రాళ్ళు ఆయాసపడితే, ఆ రోజుల్లో ఊరంతా వాళ్ళని కోవిడ్ అనుకుని దూరం పెట్టేది. పాపం, గడ్డి చేసిన పని.

బడి ఆవరణల్లో ముల్లు కన్నా ఇనుము ప్రమాదం. కట్టుబడి జరిగిన చోట బైండింగ్ వైరు ముక్కలు, మేకులు, టైల్సు పెచ్చులు మట్టిలో కలిసిపోయి ఉంటాయి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాలు నాలుగు, ఒక కర్రకి వరసగా కట్టి, నేలకి రెండు వేళ్ళ ఎత్తులో లాగితే వైరు ముక్కలు వచ్చేస్తాయి. టైలు పెచ్చులకి అయస్కాంతం పనిచేయదు, జల్లెడ పట్టాల్సిందే. అంత మట్టి ఏం జల్లిస్తామని వదిలేసిన చోట అరికాళ్ళు తెగాయి.

పశువులు కట్టేసిన బరుల్లో ఇంకొక ఇబ్బంది. మట్టి, ఎరువు, రంపపు పొట్టు కలిపిన మెత్తటి నేల కబడ్డీకి మంచిదని పాత నియమాల్లోనే ఉండేది. కానీ పేడ కలిసిన మట్టిలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది, కబడ్డీలో మోకాళ్ళు, మోచేతులు గీరుకోని రోజు ఉండదు. పదేళ్ళకి, పదహారేళ్ళకి పిల్లలకి వేసే ఆ టీకా బడులు మూతపడ్డప్పుడు తప్పిపోయినవాళ్ళు ఉంటారు. కోవిడ్ టీకా గురించి అంత మాట్లాడుకున్న రోజుల్లో దీన్ని అడిగినవాళ్ళు తక్కువ.

మట్టి లెక్క ఇలా ఉంటుంది. బరి చుట్టూ మీటరు చొప్పున వదిలితే 15 మీటర్లు, 12 మీటర్లు, అంటే 180 చదరపు మీటర్లు. వానలకి పైమట్టి కొట్టుకుపోతే కనీసం 5 సెంటీమీటర్లు మళ్ళీ పోయాలి. అది 9 ఘనపు మీటర్లు, వంద ఘనపుటడుగులు పట్టే ట్రక్కు అయితే మూడుకి పైచిలుకు. కొత్తగా అడుగు నుంచి 15 సెంటీమీటర్లు పోస్తే తొమ్మిది, పది ట్రక్కులు. నల్లరేగడి ఒక్కటే పోస్తే ఎండకి బీటలు తీస్తుంది, బీటలో కాలి వేలు దిగితే విరుగుతుంది. తడిస్తే కాలికి అంటుకుంటుంది. ఎర్రమట్టి ఒక్కటే అయితే ఎండి రాయిలా బిగుస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, పైన రంపపు పొట్టు లేదా ఊక పలచగా కలిపితే పడ్డప్పుడు దెబ్బ తగలదు. ఇసుక ఎక్కువైతే అడుగు జారి మడమ తిరుగుతుంది. మొదటి పోటీకి కనీసం పదిహేను రోజుల ముందు పోసి, తడిపి, రోలరు తిప్పి, మళ్ళీ తడిపి కుదుర్చుకోవాలి. పోటీకి ముందు సాయంత్రం వెయ్యి లీటర్ల నీళ్ళు చల్లితే ఆ జాగాకి సరిపోతుంది. తెల్లారి పిడికెడు మట్టి ముద్ద చేసి కిందికి వదిలితే పొడిగా విరగాలి. చదునుగా అతుక్కుంటే ఇంకో రెండు గంటలు ఆగి రోలరు తిప్పాలి.

గీతలకి సున్నం వాడొద్దని అప్పటికే తెలుసు, అయినా ఆ ఏడాది చాలా చోట్ల వాడారు. ఊళ్ళో బ్లీచింగుతో పాటు చల్లిన సున్నం బస్తాలు మిగిలి ఉన్నాయి మరి. ముఖం నేలకి ఆనించి పట్టు విడిపించుకునే ఆటలో సున్నం కళ్ళలో పడితే మంటతో పోదు, నల్లగుడ్డు దెబ్బతింటుంది. ముగ్గుపిండి మేలు, కానీ రెండు మ్యాచ్‌లకే చెరిగిపోతుంది. అన్నిటికన్నా నిలిచేది నవారు. 5 సెంటీమీటర్ల వెడల్పుది, మొత్తం గీతలకి 115 మీటర్ల దాకా పడుతుంది. వంచిన ఇనప కడ్డీలని మట్టిలోకి పూర్తిగా దిగేలా కొట్టి బిగించాలి, తల పైకి లేస్తే వేలు తెగుతుంది. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి కర్ణాలు కొలవాలి. నిండు బరికి ఒక్కో కర్ణం 16 మీటర్ల 40 సెంటీమీటర్లు రావాలి. రెండూ సమానం కాకపోతే బరి వంకర పోయినట్టే. రైడరు దాటాల్సిన బాక్ గీత మధ్య గీత నుంచి 3.75 మీటర్లు, దాటితే అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత అక్కడినుంచి ఇంకో మీటరు. కంటితో చూసి గీసిన బరుల్లో బోనస్ పాయింటు మీద జరిగినన్ని తగాదాలు ఇంక దేని మీదా జరగవు.

బ్లీచింగు సంగతి కూడా చెప్పాలి. ప్రతి మ్యాచ్‌కి ముందు బరి మీద బ్లీచింగు నీళ్ళు కొట్టించడం అప్పట్లో ఒక తంతు. ఫొటోలు కూడా దిగేవారు. మట్టిలో ఉండే చెత్తాచెదారమే ఆ క్లోరిన్‌ని తినేస్తుంది, క్రిమి దాకా ఏమీ మిగలదు. బయలు జాగాల్లో ఇలా కొట్టడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. దానివల్ల జరిగిందల్లా రైడర్ల కళ్ళు మండటం. అదే నీళ్ళు రబ్బరు మ్యాట్ల మీద అయితే పనికొచ్చేవి. లీటరుకి 30 గ్రాముల మంచి బ్లీచింగు పొడి కలిపితే సుమారు ఒక శాతం ద్రావణం అవుతుంది, తేట మాత్రమే తీసుకుని తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్ళతో కడగాలి. కడక్కుండా వదిలేస్తే రంగు పోతుంది, పైన మిగిలిన పొర జారుతుంది. మూత తీసి ఉంచిన బస్తాలోని పొడికి సగం బలం ఎప్పుడో పోయి ఉంటుంది.

మ్యాట్లు ఉన్న ఊళ్ళు అదృష్టవంతులనుకున్నారు గానీ వాళ్ళ కష్టం వేరు. మీటరుకి మీటరు పలకలు, 25 మిల్లీమీటర్ల మందం, నిండు బరికి 130. రెండేళ్ళు స్టోరు గదిలో నిలువుగా గోడకి ఆనించి పెట్టిన పలకలు వంగిపోయాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బెంచీలు వేసిన చోట అంచు పళ్ళు నొక్కుకుపోయి ఒకదాంట్లో ఒకటి ఇమడలేదు. ఎలుకలు కొరికినవి సరేసరి. ఎండబెడితే బాగుపడతాయని నడిఎండలో పరిచినవాళ్ళకి ఇంకొంచెం కుంచించుకుపోయాయి. నీడలో, చదునైన నేల మీద, పదికి మించకుండా పేర్చి, వారం రోజులు వదిలేస్తే కొంతవరకు సర్దుకుంటాయి. పలకకీ పలకకీ మధ్య వేలు పట్టే సందు మిగిలితే ఆ మ్యాట్ మీద ఆడించకూడదు, బూటు కొస అందులో ఇరుక్కుంటే పోయేది మోకాలే. బూట్లంటే గుర్తొచ్చింది: మ్యాట్‌కి బూట్లుండాలి, రెండేళ్ళలో కుర్రాళ్ళ పాదాలు పెరిగాయి, పాత జత ఎవరికీ పట్టలేదు.

2020 సెప్టెంబరు నాటి వంద మంది నియమాన్ని కబడ్డీకి అన్వయిస్తే తమాషాగా ఉంటుంది. జట్టుకి ఏడుగురు ఆటగాళ్ళు, అయిదుగురు అదనం, మొత్తం 12. ఎనిమిది జట్లు వస్తే 96. రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు, అంటే ఆరుగురు. అక్కడికే 102. చూసేవాడు ఒక్కడూ లేకుండానే, చిన్న నాకౌట్ టోర్నమెంటు నియమం దాటిపోయింది. అందుకని జాగ్రత్తగా నడిపినవాళ్ళు జట్లని పూటలవారీగా పిలిచారు. ఆడే రెండు జట్లు, తర్వాత ఆడబోయే రెండు జట్లు తప్ప మిగతావాళ్ళు ఊళ్ళోకి రాకూడదు. ఓడిన జట్టు వెంటనే బండెక్కాలి. బాగానే పనిచేసింది, సెమీఫైనల్ దాకా. ఆ తర్వాత ఊరు ఊరంతా డాబాల మీదకి ఎక్కేసింది.

గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటరు కూడా ఒక ముచ్చట. ఎండలో బైకు మీద వచ్చినవాడికి ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టి ఉన్నవాడికి తక్కువ చూపిస్తుంది. పావుగంట నీడలో కూర్చోబెట్టి, నుదురు తుడిచి చూస్తే గానీ ఆ అంకెకి అర్థం లేదు. శానిటైజరు మట్టి చేతుల మీద సరిగా పనిచేయదు, గీరుకున్న చోట మంట అదనం. బకెట్టు నీళ్ళు, సబ్బు, అంతే కావాల్సింది. ఆ రోజుల నుంచి మిగిలిన మంచి అలవాటు ఒకటుంది. పూర్వం బరి పక్కన ఒకే బిందె, ఒకే గ్లాసు, రెండు జట్లకీ అదే. ఇప్పుడు ఎవరి సీసా వాళ్ళదే.

ఒళ్ళు సంగతి బరి కన్నా కష్టం. 2021 మొదట్లో కోలాహలంగా తిరిగొచ్చిన ఆట మే నెలలో మళ్ళీ ఆగింది. ఆంధ్రాలో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి జూన్ 19 దాకా లాక్‌డౌన్. కబడ్డీ ఆడే వయసువాళ్ళకి, అంటే 18 దాటినవాళ్ళకి, టీకా అనుమతి వచ్చిందే ఆ ఏడు మే 1న. చేతికి అందేసరికి ఇంకా ఆలస్యమైంది. మొదటిసారి ఊరు భయపడి ఆట మానేసింది. రెండోసారి నిజంగా జబ్బుపడి మానేసింది. రెండో విడత తర్వాత బరిలోకి వచ్చినవాళ్ళలో కూత పావు వంతుకే తెగినవాళ్ళు ఉన్నారు. ఆటల డాక్టర్లు చెప్పిన పద్ధతి ఏమంటే, జబ్బు మొదలయ్యాక కనీసం పది రోజుల విశ్రాంతి, అందులో ఏ లక్షణమూ లేని ఏడు రోజులు గడవాలి, తర్వాత పావుగంట తేలిక నడకతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచాలి. గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆగి డాక్టరు దగ్గరికి. ‘నాకేం కాలేదు’ అని నేరుగా మ్యాచ్‌కి దిగే కుర్రాణ్ణి ఆపడం ఊరి పెద్దకీ కష్టమే.

జబ్బు పడనివాళ్ళకీ దెబ్బలు తగిలాయి. పరుగు ఆపినా దమ్ము నెలలో తిరిగొస్తుంది, కీలు చుట్టూ ఉన్న స్నాయువులు, కండరాలు అంత తొందరగా రావు. మనసు మాత్రం పాత వేగంతోనే తిరుగుతుంది. మడమ పట్టుకున్నప్పుడు మోకాలు మెలిపడటం, డాష్ కొట్టినప్పుడు, అంటే రైడరుని గుద్ది బయటికి నెట్టినప్పుడు భుజం జారడం, తొడ వెనక కండరం పట్టేయడం, ఈ మూడే ఎక్కువ. మొదటి వారం పట్టు లేకుండా అడుగులు, మలుపులు, కూత మాత్రమే చేయాలి. రెండో వారం గోతాం నిండా ఊక కుక్కి, నిలబెట్టి దాని మీద పట్లు పట్టాలి. మూడో వారం అయిదేసి నిమిషాల ఆట, ఇద్దరికి మించి మీద పడకుండా. ఆ తర్వాతే 20 నిమిషాల అర్ధభాగాలు. ఈ మూడు వారాలకీ ఓపిక పట్టిన జట్లు మార్చి దాకా నిండుగా ఉన్నాయి. పట్టనివి సంక్రాంతికే అదనపు ఆటగాళ్ళతో ఆడాయి.

2021 డిసెంబరు 22న ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ బెంగళూరులో ఒక హోటల్లో, ప్రేక్షకులు లేకుండా మొదలైంది. 2020లో అసలు జరగలేదు. టీవీలో బరి చుట్టూ జనం లేకపోతే కూత ఎంత స్పష్టంగా వినపడుతుందో అప్పుడే తెలిసింది. వెనువెంటనే ఒమిక్రాన్. ఊరి పోటీలు ఫ్లడ్ లైట్ల కింద రాత్రంతా సాగేవి కాబట్టి రాత్రి కర్ఫ్యూ అన్న మాటే కబడ్డీకి దెబ్బ. ఆంధ్రాలో దాన్ని సంక్రాంతి తర్వాత, 2022 జనవరి 18కి వాయిదా వేశారు. ఆ నాలుగు రోజుల సందులో ఎన్ని ఫైనల్సు తెల్లవారుజామున ముగిశాయో లెక్కే లేదు.

ఆ తర్వాత ప్రభుత్వాలూ ఊరి ఆట మీద కన్నేశాయి. తెలంగాణలో 2022 జూన్ నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఆంధ్రాలో 2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’లో క్రికెట్, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్‌తో పాటు కబడ్డీ కూడా ఉంది. స్థలం, కిట్లు ఇవ్వడం మంచిదే. కానీ బరికి ఏటా మూడు ట్రక్కుల మట్టి, పల్లేరు పీకే మనిషి ఉండాలి. బోర్డు పెట్టాక ఆ రెండూ చూసుకున్న ఊళ్ళలోనే సాయంత్రాలు ఆట కనిపిస్తుంది.

పోయింది పోయినట్టే ఉన్నది ఒక బ్యాచ్. 2020లో పదమూడేళ్ళున్న కుర్రాడు మళ్ళీ బళ్ళో ఆటలు మొదలయ్యేసరికి అండర్ 14 దాటేశాడు. నేర్చుకోవాల్సిన వయసులో బడి లేదు, పీఈటీ సారు లేరు. సబ్ జూనియర్‌కి పదహారేళ్ళు, 55 కిలోలు హద్దు. ఇంట్లో కూర్చుని ఒళ్ళొచ్చినవాడు వయసు సరిపోయినా తూకంలో ఆగిపోయాడు. తూకానికి ముందు రెండు రోజులు నీళ్ళు మానేసి బరిలో కళ్ళు తిరిగిన పిల్లలూ ఉన్నారు. ఆ పని ఎవరూ చేయించకూడదు.

అబ్బాయిలకైనా ఊరి బరి ఉంది, బడి లేకపోయినా సంక్రాంతికి వచ్చి ఆడారు. ఆడపిల్లల కబడ్డీ మొత్తం బళ్ళలో, గురుకులాల్లో, కస్తూరిబా విద్యాలయాల్లో ఉంది. అవి మూతపడితే వాళ్ళకి ఇంకో బరి లేదు. బడులు ఆంధ్రాలో 2021 ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న మళ్ళీ తెరిచాక గానీ వాళ్ళ ఆట కదల్లేదు. అప్పటికి జట్టులో సగం మంది చదువు మానో, పెళ్ళయ్యో వెళ్ళిపోయిన చోట్లు ఉన్నాయి. ఊరి బరిలో వాళ్ళకీ వేళ కేటాయించిన కొద్ది చోట్ల మాత్రం జట్లు త్వరగా నిలబడ్డాయి. దీనికి వేరే స్థలం అక్కర్లేదు. ఆడవాళ్ళ బరి 12 మీటర్లు, 8 మీటర్లు. మగవాళ్ళ బరిలో రెండు లాబీ గీతల (పక్క గీతలకి మీటరు లోపల ఉండేవి) మధ్య దూరం సరిగ్గా 8 మీటర్లే, కాబట్టి పక్క గీతలు ఉన్నవే సరిపోతాయి. రెండు చివర్లా అర మీటరు లోపలికి కొత్త గీత, లాబీలకి మీటరు లోపలికి, బాక్ గీత మధ్య నుంచి 3 మీటర్లకి, బోనస్ 4 మీటర్లకి వేయాలి. అన్నీ కలిపి 64 మీటర్ల నవారు, వేరే రంగు అద్దినది. అది వేయని బరిలో అమ్మాయిలు 3.75 మీటర్ల బాక్ గీత మీద ప్రాక్టీసు చేసి, జిల్లా పోటీల్లో 3 మీటర్ల గీత చూసి అడుగు కొలత తప్పి, అక్కర్లేనంత లోపలికి వెళ్ళి గొలుసు చివర నిలబడే కార్నర్ల చేతికి చిక్కుతున్నారు.